మొదటి వాత పీటకి

శనివారం సాయంత్రం ఐదింటికి మెషీనాయన టేపు పట్టుకుని వస్తాడు. కిటికీ పక్కన నా బల్ల ఉన్న జాగా కొలుచుకుని వెళ్తాడు. సోమవారం చెక్క మీద నగిషీ కాల్చే మెషీను దిగుతుంది, నేను లేస్తాను. మా మరిది ఈ మాటల్లో చెప్పలేదు. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో వదినా" అన్నాడు. కానీ విశ్రాంతి తీసుకునేవాళ్ళ కుర్చీలో ఎవరూ మెషీను పెట్టరు.

అతని తప్పేం లేదు. మా ఆయన పోయిన ఈ నాలుగు నెలల్లో నేను ఏడు చెక్క గిన్నెలు పాడు చేశాను. ఏడూ మరిది లేతు మీద తీసినవే. నున్నగా, గుండ్రంగా తీసి నా చేతిలో పెడితే, మచ్చలు మచ్చలుగా చేసి తిరిగిచ్చాను. అతను వాటిని వరసగా అటక మీద బోర్లించాడు. తిట్టినా బాగుండేది.

మా ఇంట్లో పని ఇలా సాగుతుంది. లేతు మీద చెక్క తిరిగినంతసేపూ అన్నదమ్ముల పని. గిన్నె ఆగాక నా పని. నా చేతిలో ఒక పెన్ను ఉంటుంది. దాని కొసన పాళీ బదులు వంచిన తీగ ముక్క. కరెంటుకి తగిలిస్తే ఆ తీగ ఎర్రబడటానికి కాస్త ముందు వరకూ కాగుతుంది. దాన్ని చెక్కకి ఆనిస్తే నెలవంకలా చిన్న వాత పడుతుంది. దాని పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. కింది వరసలో వాత పై వరసలో రెండింటి మధ్య సందులో పడాలి. గిన్నె చుట్టూ అలా దింపుకుంటూ వస్తే, చివరికి చేపని తోక నుంచి తల వైపు నిమిరినట్టు వేళ్ళకి గరుగ్గా తగులుతుంది. పొలుసు పని అంటాం. పై వరసకి రెండు వందల యాభై వాతల దాకా పడతాయి. "మా వదిన వాతలు పెట్టని వస్తువు ఈ ఇంట్లో లేదు, నేను తప్ప" అని మరిది వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఈ పనికి ఒకటే నియమం. మొదటి వాత పీటకి, రెండోది గిన్నెకి. పెన్ను ఊరికే ఉంటే తీగ ఎక్కువ కాగుతుంది. అందుకని చెయ్యి తీసి మళ్ళీ పెట్టేటప్పుడల్లా, ముందు పక్కనున్న పనికిరాని చెక్క ముక్క మీద ఒక వాత పెట్టి, ఆ పొగరు దించి, అప్పుడు గిన్నె మీదికి రావాలి. ఆ చెక్క ముక్కని పీట అంటాం. నా పెళ్ళయిన మూడో నెలలో ఆయన నేర్పిన మొదటి మాట అదే. ఆ తర్వాత పెద్దగా మాటలు నేర్పలేదు. ఆయన మాట తక్కువ మనిషి.

శుక్రవారం పొద్దున మరిది విశ్రాంతి సంగతి ఎత్తగానే అన్నాను, "ఒక్క గిన్నె ఇవ్వు. రేపు ఐదింటికల్లా అంచు నుంచి అడుగు దాకా పొలుసు పూర్తిచేస్తాను. ఒక్క మచ్చ ఉన్నా, బల్ల నేనే తుడిచి అప్పజెబుతాను."

"పంతమెందుకు వదినా..."

"పంతం కాదు, పరీక్ష అనుకో."

"సరే, ఏ గిన్నె?"

"సంచిలోది."

గుమ్మంలో నిలబడి వింటున్న తోటికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అక్కా, అది బావగారిది!"

నాకు తెలియదా? గాలివానకి బడి వెనక పడిపోయిన చెట్టు తాలూకు తెల్లచెక్క అది. పచ్చిగా ఉండగానే ఆయన దాన్ని మందంగా గిన్నె తీసి, ఆ చెక్క పొట్టుతోనే కప్పి, కాగితం సంచిలో పెట్టారు. పచ్చి చెక్క ఎండేకొద్దీ వంకర పోతుంది. పూర్తిగా ఎండాక మళ్ళీ లేతుకెక్కించి గుండ్రం చెయ్యాలి. ఎండిందో లేదో తెలియడానికి పది రోజులకోసారి తూచి, బరువూ తారీఖూ సంచి మీద పెన్సిలుతో రాసేవారు. పైనున్న తొమ్మిది వరసలు ఆయనవి. కింది వరసలు నావి. అంకెలు నాకు ముందు నుంచీ వచ్చు, నెలల పేర్లే ఈ మధ్య పట్టుబడ్డాయి. ఆఖరి మూడు వరసల్లో బరువు ఒకటే. అంటే ఎండటం అయిపోయింది.

ఆయన చేతి గిన్నె ఇక ఇంకోటి లేదు. అందుకే అదడిగాను. పాడు చెయ్యడానికి భయపడే గిన్నె అయితే చెయ్యి కుదురుగా ఉంటుందనుకున్నాను.

మరిది ఆ సాయంత్రమే దాన్ని లేతుకెక్కించాడు. ఎండి కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. గుండ్రం చేస్తూ చేస్తూ, "చూడు, గోడ ఎంత మందం వదిలాడో. తమ్ముడు చెడగొడతాడని ముందే అనుమానం మా అన్నకి" అని నవ్వబోయి, ముక్కు తుడుచుకుని, పొట్టు ముక్కులోకి పోయిందన్నాడు. తీసి నా చేతికిచ్చేసరికి గోడ రెండు బియ్యపు గింజల మందం ఉంది. గోటితో కొడితే కంగుమంది.

శనివారం తొమ్మిదింటికి బల్ల ముందు కూర్చున్నాను. కళ్ళజోడు తుడుచుకున్నాను, పెన్ను తగిలించాను, పీట దగ్గరకి లాక్కున్నాను. మరిది వెనక నుంచి, "బడివాళ్ళ కుర్చీ కాలు ఒకటుంది వదినా. పదకొండింటికి వస్తామన్నారు. ఆ ఒక్కటీ తీసేసి ఇక నీకు అడ్డం రాను" అని లేతు వేశాడు.

వాత పక్కన వాత. కళ్ళజోడు పెట్టుకుని మొహం గిన్నె మీదకి వంచితే నాకు నాలుగు వేళ్ళ మేర తప్ప ఇంకేం కనబడదు. గిన్నె తిప్పుకుంటూ పోవడమే. ఒక వరస కలిసింది. రెండోది కలిసింది. ఐదు, ఆరు. గడియారం పది దాటాక మరిది కుర్చీ కాలు తీయడం అయిపోయింది. లేతు ఆపి, చీపురుతో పొట్టు ఊడ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకి వేసి వెళ్ళిపోయాడు.

అప్పుడు కుళాయి చుక్కలు వినబడ్డాయి.

టప్పు. టప్పు. పది చుక్కలు ఓర్చుకుని లేచాను. కుళాయి బిగించి వచ్చి కూర్చున్నాను. పది వాతలు పెట్టానో లేదో, కిటికీ గొళ్ళెం సరిగా పడలేదేమో అనిపించింది. చూశాను, పడింది. మళ్ళీ కూర్చున్నాను. గోడ గడియారం వెనకబడిందేమో అని వెళ్ళి తోటికోడలి గదిలో గడియారం చూసొచ్చాను. రెండూ ఒకటే చెప్పాయి. ముందు గదిలో అమ్మకానికి పెట్టిన గరిటెల వరసలో ఒకటి అడ్డంగా ఉన్నట్టు అక్కడి నుంచే తోచింది. వెళ్ళి చూస్తే అన్నీ తిన్నగానే ఉన్నాయి. ఊరికే వచ్చినట్టు ఉండకూడదని ఒకదాన్ని నేనే అటూ ఇటూ జరిపాను.

ముందు గదిలో కూర్చుని ఎవరికో పొట్లం కడుతున్న తోటికోడలు ఊరుకోలేకపోయింది.

"అక్కా, కుర్చీలో మేకులున్నాయా?"

"లేవు."

"మరేంటి, పొద్దుట్నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు?"

"పని చూసుకోవే."

"నా పని నేను కూర్చునే చూసుకుంటున్నా. నువ్వే నిలబడి చూసుకుంటున్నావు."

నాకు కోపం వచ్చింది. అది ఆవిడ మీద కాదు. వచ్చి కూర్చుని, పెన్ను అందుకుని, సరాసరి గిన్నెకి ఆనించి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ కోపంలో ఒక వరస గబగబా నడిచింది. తర్వాత మళ్ళీ లేచాను. ఈసారి ఎందుకు లేచానో నిలబడ్డాక కూడా తెలియలేదు. గది మధ్యలో నిలబడి, ఏదో తేవాలి కదా, ఏమిటది, అనుకుంటూ చేతులు చూసుకున్నాను. రెండు చేతులూ ఖాళీ.

మధ్యాహ్నం రెండు మెతుకులు తిన్నాననిపించి వచ్చాను. పక్కవాటా వాళ్ళు అరగంట సేపు నీళ్ళ మోటారు వేసుకున్నారు. అది ఆగాక నేను మళ్ళీ లేచాను. గుమ్మం దాకా వెళ్ళి వీధిలోకి చూశాను. ఎవరూ రాలేదు, ఎవరూ రావాల్సింది లేదు. మూడున్నరకి ఇరవై ఏడు వరసలు అయ్యాయి. ఇంకా ఎనిమిది ఉన్నాయి. కిందికి పోయేకొద్దీ చుట్టుకొలత తగ్గుతుంది కాబట్టి వరసకి పది నిమిషాలు వేసుకున్నా ఐదింటికి అందుతుంది.

అప్పుడే తోటికోడలు టీ తెచ్చింది. "ఏదీ, చూడనీ" అని గ్లాసు బల్ల మీద పెట్టి, గిన్నె తీసుకుని గుమ్మం వెలుగులోకి వెళ్ళింది. చేయి చాచి దూరంగా పట్టుకుంది. ఇంకో చేత్తో గిన్నె మీద గాలి విసిరింది. మళ్ళీ విసిరింది.

"ఏం చేస్తున్నావే?"

"ఈగలు వాలాయక్కా."

"తోలు మరి."

"తోలుతున్నా. పోవట్లేదు."

లేచి వెళ్ళి చూశాను. పోవు. అవి ఈగలు కావు. లేత గోధుమరంగు పొలుసులో అక్కడొకటి, ఇక్కడొకటి, బొగ్గులా నల్లగా. నాలుగు వేళ్ళ మేరలో ఒకదాన్ని చూస్తే కాస్త ముదురు వాత అనిపిస్తుందంతే. ఇంత దూరం నుంచి చూస్తేనే ఈగ. లెక్కపెట్టాను. తొమ్మిది.

పీట వైపు చూశాను. పొద్దున తొమ్మిదింటికి పెట్టిన ఒక్క వాత తప్ప దాని మీద ఏమీ లేదు.

ముప్ఫై రెండేళ్ళ పనిలో ఇది కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పు. అదీ మొదటి వారంలో. లేచి వచ్చిన ప్రతిసారీ, మండిపోతున్న పెన్ను తీసి నేరుగా గిన్నెకి పెట్టాను. ఇది కుళాయి. ఇది గొళ్ళెం. ఇది గడియారం. ఇది గరిటె. ఇదిగో, దీనికి పేరు కూడా లేదు, ఊరికే లేచింది. నేను ఎన్నిసార్లు కుదురుగా కూర్చోలేకపోయానో ఆయన గిన్నె రాసి పెట్టుకుంది.

తోటికోడలి కేకకి మరిది వచ్చాడు. గిన్నె అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలితో ఒక ఈగని రుద్దాడు.

"గీకితే?" అంది తోటికోడలు.

"గీకితే పొలుసు పోతుంది. ఇంకా గీకితే గోడ పోతుంది."

"పోనీ మొత్తం నల్లగా కాల్చేస్తే?"

"నీ అట్లపెనం కాదే అది." ఆ మాట అనేసి నా వైపు చూసి గిన్నె బల్ల మీద పెట్టాడు. "పోనీలే వదినా. ఏడుతో పాటు ఎనిమిది."

కానీ అది ఏడుతో పాటు ఎనిమిది కాదని ముగ్గురికీ తెలుసు. నేను పెన్ను ప్లగ్గు పీకేశాను. మేకుకి వేలాడుతున్న గుడ్డ తీశాను. మాట మాటే కదా. బల్ల తుడవాలంటే దాని మీద గిన్నె తియ్యాలి. తీసి కిటికీ అరుగు మీద బోర్లించాను. బోర్లిస్తే వరసలు తలకిందులై, పైనుండాల్సిన అంచు వరసలు నా చూపుకి సూటిగా వచ్చాయి.

అంచు నుంచి ఆరు వరసలు. ఒక్క ఈగ లేదు.

గుడ్డ పట్టుకునే వంగి చూశాను. ఆరు వరసలు శుభ్రంగా ఉన్నాయి. ఏడో వరసలో కుళాయి. ఆ తర్వాత గొళ్ళెం, గడియారం, గరిటె, ఇంకో రెండు. ఆ తర్వాత మళ్ళీ రెండున్నర వరసలు అద్దంలా ఉన్నాయి. ఆ తర్వాత వీధి గుమ్మం, దాని తర్వాత ఇంకో రెండు.

"ఆరో వరస ఎప్పుడయిందో తెలుసా?" అన్నాను.

"నాకెలా తెలుస్తుంది?" అన్నాడు మరిది.

"నీ కుర్చీ కాలు అయిపోయినప్పుడు. ఈ రెండున్నర వరసలూ పక్కవాళ్ళ మోటారు." గుడ్డ కింద పడేశాను. "ఏమయ్యా, నేను కూర్చోగానే నువ్వు లేతు ఎందుకు ఆపుతున్నావు?"

అతను తెల్లమొహం వేశాడు. "నీ కోసమే కదా వదినా."

"నా కోసమా?"

"ఆ చప్పుడు వింటే అన్నయ్య గుర్తొస్తాడని... నీకు ప్రశాంతంగా ఉండాలని. అప్పట్నుంచీ నువ్వు బల్ల దగ్గరుంటే నేను వెయ్యట్లేదు. పొద్దున్నే నువ్వు రాకముందు చేసుకుంటున్నా."

"పొద్దున్నే అంటే ఎప్పుడనుకున్నావక్కా, కోడి కూడా లేవకముందు" అంది తోటికోడలు. "మీ మరిది పుణ్యమా అని నాలుగు నెల్లుగా నాకు నిద్ర లేదు. నీ కోసమని నోరు మూసుకున్నా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకళ్ళ మీద ఒకళ్ళం ఇంత ప్రేమ పెట్టుకుని ఏడు గిన్నెలు తగలేశాం.

"నాయనా, ముప్ఫై రెండేళ్ళు ఆ చప్పుడులో కూర్చున్నాను. మీ అన్న ఎప్పుడైనా నన్ను నోరు తెరిచి పిలవడం విన్నావా?"

"మా అన్నా? నన్నే పిలిచేవాడు కాదు."

"లేతు ఆపేవారు. అదే పిలుపు. దుంగ అటు చివర పట్టుకోవాలన్నా, టీ కావాలన్నా, తీసిన గిన్నె నాకు చూపించాలన్నా లేతు ఆపేవారు. ఆగిందంటే నేను లేవాలి. ఇప్పుడు నువ్వు దాన్ని ఆపేసి వెళ్ళిపోతున్నావు. రోజంతా నన్ను ఎవరో పిలుస్తూనే ఉన్నారు. లేచి చూస్తే ఎవరూ ఉండట్లేదు."

ఆ మాట నేను అనేదాకా నాకూ తెలియదు. కుళాయి మళ్ళీ కారుతోంది.

మరిది మూలనున్న చెక్కల్లోంచి చేతికందిన ముక్క తీసి లేతుకి బిగించాడు. స్విచ్చి వేశాడు. మొదట గుర్రుమంది, తర్వాత సన్నగా పాడింది, ఉలి ఆనగానే గొంతు తగ్గింది. ప్లగ్గు మళ్ళీ పెట్టాను. గిన్నె ఒళ్ళోకి తీసుకున్నాను. ముందు పీటకి, తర్వాత గిన్నెకి.

ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. నేను లేవలేదు. గొళ్ళెం పడిందో లేదో నాకు అక్కర్లేదు. మనసు మాత్రం కుదురుగా ఉందని అబద్ధం చెప్పను. తొమ్మిది ఈగలు నా మోచేతి కింద తిరుగుతూనే ఉన్నాయి. ఆయన ఆఖరి గిన్నెని నేనే పాడు చేశాను, ఇప్పుడు ఎన్ని వరసలు బాగా వేసినా అది మారదు. కానీ ఆ గుబులంతా చేతి దాకా రాలేదు. లోపలే ఎక్కడో తిరిగింది.

ముప్ఫై నాలుగో వరసలో ఉండగా మెషీనాయన వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో టేపు, సంకలో బొమ్మల పుస్తకం. లేతు చప్పుడుకి ఒక చెవి మూసుకుని బొమ్మలు తిప్పి చూపించడం మొదలుపెట్టాడు.

"ఆకులు, పూలు, చేప పొలుసు, ఏదైనా సార్! పది నిమిషాల్లో!"

"ఏంటి?" అన్నాడు మరిది, ఉలి ఆపకుండా.

"పది నిమిషాలు! పొగ లేదు, వాసన లేదు. అన్నిటికంటే ముఖ్యం, చప్పుడు లేదు సార్! పక్కన చంటిపిల్ల పడుకున్నా లేవదు!"

తోటికోడలు కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది.

"వినబడట్లేదు!" అన్నాడు మరిది. అతనికి వినబడిందని నాకు తెలుసు.

"చప్పుడు లేదు సార్! అసలు చప్పుడే లేదు!" అని ఆ మనిషి గొంతు చించుకున్నాడు. ఆ అరుపుకి ముందు గదిలో ఎవరో తొంగి చూశారు.

నేను ఆఖరి వరస కలిపాను. మొదటి వాత పక్కన చివరి వాత, మధ్యలో వెంట్రుకంత సందు కూడా లేకుండా కూర్చుంది. గిన్నె బల్ల మీద పెట్టి పక్కకి జరిగాను.

"కొలుచుకో బాబూ."

మెషీనాయన టేపు తీశాడు గానీ కళ్ళు గిన్నె మీద పడ్డాయి. చేతిలోకి తీసుకుని వేలితో నిమిరాడు. "చేత్తో చేశారా అమ్మా? ఈ నల్లచుక్కలు డిజైనా?"

"కాదు. తప్పులు."

"తప్పులా? బాగానే ఉన్నాయే."

"బాగుంటే మాత్రం? తప్పు తప్పే." మరిది వైపు తిరిగాను. "తొమ్మిది. ఒక్కటున్నా అన్నాను నేను."

అతను ఉలి పక్కన పెట్టి వచ్చాడు. లేతు మాత్రం ఆపలేదు. ఉత్తినే తిరుగుతోంది. గిన్నె తీసుకుని, అంచు దగ్గర ఆరు వరసలు చూశాడు, మధ్యలో రెండున్నర చూశాడు, అడుగున ఎనిమిదీ చూశాడు. ఒక్కో వరసా గోటితో దాటుకుంటూ వచ్చాడు. దాదాపు ఆయన చూసినట్టే చూశాడు.

"ఈ తొమ్మిదిట్లో సగం నావి వదినా" అన్నాడు. తర్వాత మెషీనాయనతో, "ఒక నెల ఆగు బాబూ. నెల తర్వాత ఈ ఇంట్లో గిన్నెల మీద ఇంకా ఈగలు వాలుతుంటే నేనే కబురు పెడతా."

"ఈగలా? మా మెషీనుకి ఈగలు..."

"చప్పుడు లేకుండా మాకు పని నడవదు" అంది తోటికోడలు. "ఏమనుకోకు అన్నయ్యా, మాకది జబ్బు."

ఆ మనిషి పాపం కాసేపు ఆలోచించాడు. పోయే బేరం ఎవరికి చేదు కాదు? "మా మెషీనుకి ఫ్యానుందండి" అన్నాడు ఆశగా. "అది కాస్త చప్పుడు చేస్తుంది."

అతన్ని గుమ్మం దాకా సాగనంపి తోటికోడలు పడీ పడీ నవ్వింది. అతని కార్డు నా పీట కింద పెట్టాను. నెల అంటే నెలే. గిన్నెని మరిది అటక మీద ఏడింటి పక్కన పెట్టబోతే వద్దన్నాను. నా బల్ల మీదే ఉంటుంది. రోజూ చూస్తాను. తొమ్మిదీ లెక్కపెట్టుకుంటాను.

మరిది ఇంకో గిన్నె ఇచ్చాడు. అతనే తీసినది. పొద్దు ఇంకా గంట ఉంది. పెన్ను తీసుకుని ఒక వరస వేశాను, రెండో వరసలో సగం వచ్చాను. లేతు ఆగింది.

నేను లేచి నిలబడ్డాను.

"కూర్చో వదినా!" వెనక నుంచి కేక. "ముక్క మారుస్తున్నా, అంతే. పిలవలేదు."

కూర్చున్నాను. వెనక మరిది ఏదో బిగిస్తున్నాడు, ఇనుము ఇనుముకి తగులుతోంది. గదిలో మళ్ళీ కుళాయి చుక్క. చేతిలో పెన్ను కాగిపోతోంది. దాన్ని గిన్నె దాకా తీసుకెళ్ళి, వెంట్రుకవాసిలో ఆపి, వెనక్కి తెచ్చి పీటకి ఆనించాను. సన్నగా పొగ లేచింది. బొగ్గులా నల్లగా పడింది వాత.

పదో ఈగ అది. పీట మీద వాలింది.